తీర్మానం లేకుండానే జాతీయమైన జెండా: బెజవాడ, 1921

1921 ఏప్రిల్ 13న గాంధీజీ తన 'యంగ్ ఇండియా' పత్రికలో జాతీయ పతాకం గురించి ఒక వ్యాసం రాశారు. బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం ముగిసి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. ఆ సమావేశం నాటికి ఆ ఊళ్లోనే రూపుదిద్దుకున్న జెండా ఎవరి ఆలోచనతో మొదలైందో, ఎవరి చేతిలో తయారైందో, ఆ వెంటనే ఎందుకు మారవలసి వచ్చిందో, దాన్ని అడిగి చేయించుకున్న మనిషే అందులో చెప్పారు. మన జెండా పుట్టుక గురించి ఏటా ఆగస్టు నెలలో తెలుగులో వచ్చే రాతలను నేను శ్రద్ధగా చదువుతాను. ఆ వ్యాసాన్ని దగ్గర పెట్టుకుని రాసినవి మాత్రం వాటిలో తక్కువ. ఈ టపా రాయడానికి కారణం అదే.

ప్రచారంలో ఉన్న కథ చాలా క్లుప్తమైనది. పింగళి వెంకయ్యగారు జెండా గీశారు, గాంధీజీ చేతికి ఇచ్చారు, కాంగ్రెస్ ఆమోదించింది, అదే నేటి మన త్రివర్ణ పతాకం. ఇందులో మొదటి రెండు మాటలూ నిజం. మూడోది నిజం కాదు. నాలుగోది సగమే నిజం. మూడో మాటలోనూ నాలుగో మాటలోనూ ఉన్న ఈ తేడాలు తెలిస్తే వెంకయ్యగారి గొప్పదనం ఏమైనా తగ్గుతుందేమోనని కొందరు సంకోచిస్తారు. తగ్గదనీ, ఆయన చేసిన అసలు పని ఏమిటో అప్పుడే స్పష్టంగా కనిపిస్తుందనీ నా నమ్మకం.

వ్యాసం ఆరంభంలోనే గాంధీజీ ప్రతి జాతికీ ఒక జెండా అవసరమని, దాని కోసం లక్షలాది మంది ప్రాణాలిచ్చారని అంటారు. జెండాను పూజించడం ఒక రకమైన విగ్రహారాధనే అయినా దాన్ని ధ్వంసం చేయడం పాపమని ఆయన అభిప్రాయం. ఇంగ్లీషు వారికి యూనియన్ జాక్, అమెరికన్లకు చుక్కలూ చారల జెండా ఎంతటి ఆవేశాన్ని కలిగిస్తాయో చెప్పి, హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, యూదులు, పార్సీలు, ఇంకా ఈ దేశాన్ని తమ ఇల్లుగా భావించే వారందరూ బతకడానికీ చావడానికీ ఉమ్మడి జెండా ఒకటి కావాలని రాశారు. ఆ తరువాత వెంకయ్యగారి ప్రస్తావన వస్తుంది. మచిలీపట్నం జాతీయ కళాశాలకు చెందిన వెంకయ్య ఇతర దేశాల జెండాలను వివరిస్తూ, మన దేశానికి కొన్ని నమూనాలను ప్రతిపాదిస్తూ ఒక పుస్తకం ప్రచురించారని, నాలుగేళ్లుగా ప్రతి కాంగ్రెస్ మహాసభలోనూ ఈ విషయాన్ని వదలకుండా ముందుకు తెచ్చిన ఆయన పట్టుదలను తాను మెచ్చుకుంటూనే వచ్చానని గాంధీజీ అంటారు. అయితే ఆ నమూనాలలో జాతిని లోలోపల కదిలించగలిగినది తనకేదీ కనిపించలేదని కూడా ఏమాత్రం మొహమాటం లేకుండా రాశారు.

రాట్నాన్ని జెండా మీద పెట్టాలన్న ఆలోచన మరొకరిది. జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్ రాట్నం గురించి మాట్లాడుతున్న సందర్భంలో, స్వరాజ్య పతాకం మీద దానికి చోటుండాలని సూచించారని గాంధీజీయే చెప్పారు. ఆ సూచనలోని కొత్తదనం ఆయనకు నచ్చింది. బెజవాడ వచ్చినప్పుడు వెంకయ్యగారిని పిలిచి, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉండే జెండా ఒకటి గీసి ఇమ్మని అడిగారు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తు. మూడు గంటల్లో జెండా గాంధీజీ చేతికి వచ్చింది.

ఈ మూడు గంటల మాటను చాలామంది వెంకయ్యగారి చేతి వేగానికి నిదర్శనంగా చెబుతారు. నాకు మాత్రం అది ఆ మూడు గంటల వెనుక ఉన్న సంవత్సరాలకు నిదర్శనంగా తోస్తుంది. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో 1876లో పుట్టిన వెంకయ్యగారు యువకుడిగా బ్రిటిష్ సైన్యంలో చేరి, బోయర్ యుద్ధ కాలంలో దక్షిణాఫ్రికా వెళ్లారు. గాంధీజీతో పరిచయం అక్కడే ఏర్పడింది. సైన్యంలో ఉన్నవాడికి జెండా అంటే ఏమిటో పుస్తకాలు చెప్పనక్కరలేదు. తనది కాని జెండాకు రోజూ వందనం చేసిన అనుభవమే ఆయనను ఈ దారి పట్టించిందని నేను అనుకుంటాను. స్వదేశానికి వచ్చాక ఆయన చేపట్టిన పనులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా కనిపిస్తాయి. జపాన్ భాష నేర్చుకుని 1913లో బాపట్లలో ఆ భాషలో ఉపన్యసించడంతో జపాన్ వెంకయ్య అన్నారు. కంబోడియా పత్తి మీద పరిశోధన చేయడంతో పత్తి వెంకయ్య అన్నారు. భూగర్భశాస్త్రంలో, ముఖ్యంగా వజ్రాల విషయంలో, ఉన్న పాండిత్యాన్ని చూసి డైమండ్ వెంకయ్య అన్నారు. ఇన్ని పనుల మధ్య 1916లో 'భారతదేశానికి ఒక జాతీయ పతాకం' అనే పేరుతో ఇంగ్లీషులో ఆయన ప్రచురించిన పుస్తకంలో ముప్పై దాకా నమూనాలున్నాయి. కనుక బెజవాడలో గాంధీజీ అడిగినది ఆయనకు కొత్త విషయం కాదు. పతాకానికి ఏ నిష్పత్తి నప్పుతుంది, గాలికి ఎగిరేటప్పుడు ఏ గుర్తు దూరానికి ఆనుతుంది, ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుంది అన్న ప్రశ్నలతో ఏళ్ల తరబడి గడిపిన మనిషికి మూడు గంటలు సరిపోయాయి.

అంతకు ముందు వచ్చిన జెండాలతో పోల్చి చూస్తే బెజవాడ జెండా ఎక్కడ వేరుగా నిలిచిందో తెలుస్తుంది. 1906 ఆగస్టు 7న, విదేశీ వస్తు బహిష్కరణకు ఏడాది నిండిన రోజున, కలకత్తా పార్సీ బగాన్ మైదానంలో ఎగరేసిన జెండాలో పైన ఆకుపచ్చ, మధ్యలో పసుపు, కింద ఎరుపు పట్టీలుండేవి. ఆకుపచ్చ మీద ఎనిమిది తామరలు, పసుపు మీద దేవనాగరిలో వందేమాతరం, ఎరుపు మీద ఒక వైపు సూర్యుడు, మరొక వైపు నెలవంక. మరుసటి ఏడాది ఆగస్టు 22న జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జరిగిన అంతర్జాతీయ సోషలిస్టు మహాసభలో మేడమ్ భికాజీ కామా విప్పి చూపిన జెండా కూడా దాదాపు ఇదే పోలికలో ఉంది. పరాయి గడ్డ మీద, ప్రపంచ ప్రతినిధుల ముందు, ఒక భారతీయ మహిళ ఈ దేశానికి తనదైన జెండా ఉందని ప్రకటించిన ఆ ఘట్టం ఎప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది. అయినా రూపకల్పన పరంగా ఆ జెండాలో చెప్పదలచుకున్నవి మరీ ఎక్కువ. అక్షరాలు చదవాలంటే దగ్గరికి వెళ్లాలి, వెనుక నుంచి చూస్తే అవి తిరగబడతాయి, పైగా చదువు రాని వాడికి అవి వట్టి గీతలే.

1917లో అనీబిసెంట్, తిలక్‌ల హోంరూల్ ఉద్యమం తెచ్చిన జెండా ఇంకా బరువైనది. ఐదు ఎర్ర పట్టీలు, వాటి మధ్య నాలుగు ఆకుపచ్చ పట్టీలు, వాటి మీద సప్తర్షి మండలం ఆకారంలో ఏడు నక్షత్రాలు, ఒక మూల నెలవంకా చుక్కా, కర్ర వైపు పై మూలలో యూనియన్ జాక్. ఆ ఉద్యమం కోరింది సామ్రాజ్యం లోపల స్వయంపాలన కనుక యూనియన్ జాక్ అక్కడ ఉండడంలో వారి తర్కం వారికుంది. కానీ సహాయ నిరాకరణ మొదలైన తరువాత ఆ మూలలోని గుర్తును జనం తమ భుజాన మోయడానికి ఒప్పుకోవడం అసాధ్యమైంది.

ఈ జెండాలన్నిటిలోనూ ఉన్నవి తామరలు, సూర్యచంద్రులు, నక్షత్రాలు. అవన్నీ పుణ్యమైన గుర్తులే, పురాణాల నుంచీ చరిత్ర నుంచీ ఆకాశం నుంచీ తీసుకున్నవే. మనిషి తన చేతులతో చేసే పని మాత్రం వాటిలో దేని మీదా లేదు. రాట్నం వచ్చి ఆ లోటు తీర్చింది. బెజవాడ సమావేశం 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో జరిగినప్పుడు కాంగ్రెస్ తన ముందు పెట్టుకున్న లక్ష్యాలు మూడు: తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌కు కోటి మంది సభ్యులు, దేశంలో ఇరవై లక్షల రాట్నాలు. అంటే జెండా మీద గీయమన్న వస్తువునే ఆ సభ ఇంటింటా తిప్పించాలని తీర్మానించింది. జెండా మీది గుర్తుకూ సభ చేసిన పనికీ ఇంత దగ్గర సంబంధం ఉండడం వల్లే అది అలంకారంగా మిగిలిపోలేదని నా అభిప్రాయం. వెంకయ్యగారి పాత నమూనాలలో తనకు కనిపించనిదిగా గాంధీజీ చెప్పిన కదిలించే గుణం ఇదే అయి ఉండాలి.

అయితే వెంకయ్యగారు మూడు గంటల్లో చేసి ఇచ్చిన ఆ జెండా, కమిటీ ముందు పెట్టడానికి కొంచెం ఆలస్యమైంది. ఆలస్యమవడమే మంచిదైందని గాంధీజీ రాశారు. సమయం దొరికి మళ్లీ ఆలోచించినప్పుడు, ఎరుపూ ఆకుపచ్చా రెండే ఉంటే తక్కిన మతాల వారికి చోటెక్కడన్న ప్రశ్న ఆయనకు ఎదురైంది. హిందూ ముస్లిం ఐక్యత అంటే ఇతరులను బయట పెట్టే ఐక్యత కాదని, అందరినీ కలుపుకొనేదని చెబుతూ తెలుపును చేర్చారు. ఆ తెలుపు తక్కిన మతాలన్నిటికీ గుర్తు, పరిశుద్ధతకూ శాంతికీ కూడా గుర్తు. ఈ విధంగా బెజవాడలో పుట్టిన రెండు రంగుల జెండా, అదే నెలలో, కాగితం మీద మూడు రంగులదైంది.

ఆ మూడు రంగుల అమరిక వెనుక ఉన్న ఆలోచన నాకు ఈ కథ మొత్తంలోకీ ఎంతో ఇష్టమైన భాగం. పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, కింద ఎరుపు. సంఖ్యలో అందరికంటే తక్కువ ఉన్నవారిది పై స్థానం, తరువాత ముస్లింలది, అడుగున హిందువులది. బలవంతుడు బలహీనుడికి రక్షణగా నిలవాలన్నది దీని భావమని గాంధీజీ వివరించారు. మూడు పట్టీలూ సమాన వెడల్పులో ఉండాలన్నారు, ఎందుకంటే మనలో అత్యల్పుడికీ అత్యధికుడికీ సమానత్వం ఉందని అది చెప్పాలి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. సాధారణంగా జెండాలో పై పట్టీ గౌరవ స్థానం, రూపకర్తలు తాము ప్రధానమనుకున్న రంగును అక్కడ పెడతారు. ఈ జెండా జనాభాలో ఎక్కువ ఉన్నవారి రంగును ఉద్దేశపూర్వకంగా అడుగున పెట్టింది. భారాన్ని మోసేవాడు కింద ఉంటాడన్న మాటను ఒక గుడ్డ ముక్క మీద మూడు పట్టీలతో చెప్పగలగడం ఎంత గంభీరమైన రూపకల్పన!

రాట్నాన్ని ఏదో ఒక పట్టీకి పరిమితం చేయకుండా మూడు పట్టీల మీదుగా పరిచారు. ఏ రంగు వారైనా చేయగలిగిన పని అది, కాబట్టి అది అన్ని రంగుల మీదా ఉంది. జెండా నిర్ణీత పరిమాణంలో నిండుగా ఒక రాట్నం బొమ్మ ఉండాలన్నది గాంధీజీ సూచన. ఖిలాఫత్ వంటి మత సంస్థలు తమ జెండాల ఎడమ వైపు పై మూలలో ఈ జాతీయ పతాకాన్ని చిన్నదిగా నేయించుకోవాలని కూడా సలహా ఇచ్చారు. బ్రిటిష్ వలస రాజ్యాల జెండాల మీద యూనియన్ జాక్ ఏ మూలన కూర్చునేదో ఆ మూలే అది. హోంరూల్ జెండాలో యూనియన్ జాక్ ఉన్న చోటే అది. ఆ చోటును ఆయన ఎంచుకోవడం కాకతాళీయమని నేననుకోను.

బట్ట విషయంలో కూడా షరతు ఉంది. జెండా ఖద్దరుతోనే చేయాలి, ఎందుకంటే బట్ట కోసం విదేశీ మార్కెట్ల మీద ఆధారపడకుండా దేశాన్ని విడిపించగలిగేది ముతక బట్టేనని ఆయన వాదన. దీనివల్ల జెండాలోని ప్రతి పోగూ ఎవరో ఒకరు రాట్నం మీద వడికినదై ఉంటుంది. జెండా మీది బొమ్మ ఏ పని చేయమని చెబుతోందో, ఆ పని చేస్తే తప్ప జెండాయే తయారు కాదు. గుర్తుకూ ముడి సరుకుకూ మధ్య ఇంత బిగువైన ముడి ఉన్న జెండా మరొకటి నాకు తెలియదు.

లోపాలు లేవని అనను. మధ్య పట్టీ కన్నా పై పట్టీ లేత రంగులో ఉండడంతో, పగటి ఆకాశం ముందు ఆ తెలుపు తేలిపోతుంది. తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు వరుస సరిగ్గా బల్గేరియా జెండాది కూడా, అది 1879 నుంచీ వాడుకలో ఉంది. రాట్నం గీయడం తేలిక కాదు. చక్రం, కదురు, వాటిని కలిపే తాడు, కింద పీట, ఇవన్నీ ఉంటే తప్ప అది రాట్నంలా కనిపించదు, చేతితో గీసిన చోటల్లా ఒక్కో రకంగా వస్తుంది. పైగా దానికి ముందూ వెనుకా ఉన్నాయి. ఒక వైపు నుంచి చూస్తే చక్రం ఎడమన ఉంటే, మరో వైపు నుంచి కుడిన ఉంటుంది. ఈ చివరి చిక్కు పాతికేళ్ల తరువాత మళ్లీ తెరమీదికి వచ్చింది.

ఇంత ఆలోచించి చేసిన జెండాను కాంగ్రెస్ తీర్మానం చేసి ఆమోదించిందా అంటే, లేదు. బెజవాడలో అది కమిటీ ముందుకు రాలేదు. ఆ తరువాత కూడా 1931 వరకు దానికి లాంఛనమైన ఆమోదం దొరకలేదు. గాంధీజీ వ్యాసమే దానికి పత్రం. అదే ఏడాది డిసెంబరులో అహ్మదాబాద్ కాంగ్రెస్ మహాసభలో అది కనిపించింది. ఊరేగింపుల్లో, ఖద్దరు దుకాణాల్లో, ఇళ్ల మీద కనిపించింది. ఒక జెండా జాతీయమైనదని ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్నకు ఈ పదేళ్ల చరిత్ర ఇచ్చిన జవాబు నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. దాన్ని మోసినవారే నిర్ణయించారు, దానికోసం జైలుకెళ్లినవారే నిర్ణయించారు.

జైలు మాట అతిశయోక్తి కాదు. 1923లో జబల్‌పూర్‌లో పురపాలక సంఘం భవనం మీద ఈ జెండాను ఎగరేయడం, అధికారులు దాన్ని దింపించడం, దాని మీద సత్యాగ్రహం చెలరేగడం జరిగాయి. అక్కడి నుంచి ఉద్యమం నాగపూర్‌కు పాకింది. ఐరోపావాసులు నివసించే సివిల్ లైన్స్ ప్రాంతంలోకి జెండాతో ఊరేగింపు రాకూడదని ప్రభుత్వం నిషేధించింది. మే 1 నుంచి జమునాలాల్ బజాజ్ నాయకత్వంలో రోజూ కొందరు జెండా పట్టుకుని బయలుదేరడం, నిషేధపు గీత దగ్గర అరెస్టు కావడం నిత్యకృత్యమైంది. బజాజ్‌ను అరెస్టు చేశాక వల్లభ్‌భాయ్ పటేల్ వచ్చి బాధ్యత తీసుకున్నారు. దేశం నలుమూలల నుంచీ వచ్చిన సత్యాగ్రహులు వెయ్యి మందికి పైగా జైలు పాలయ్యారు. చివరికి ఆగస్టు 18న జెండా ఊరేగింపు ఆ వీధుల గుండా సాగిపోయింది. రెండేళ్ల కింద బెజవాడలో గీసిన గీతలకు, ఎవరూ ఓటు వేయని గీతలకు, అప్పటికి అంత శక్తి వచ్చింది.

అదే ఏడాది డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభ సందర్భంగా డాక్టర్ ఎన్.ఎస్. హర్డీకర్ ఆధ్వర్యంలో హిందుస్తానీ సేవాదళ్ ఏర్పడింది. జెండాను ఎలా ఎగరేయాలి, ఎలా వందనం చేయాలి, ఎలా దించాలి అన్న క్రమశిక్షణను ఊరూరా నేర్పింది ఈ దళమే. నెలలో చివరి ఆదివారం జెండా వందనం చేయడం వీరి వల్ల అలవాటైంది. 1929 డిసెంబరు 31 అర్ధరాత్రి లాహోర్‌లో రావి నది ఒడ్డున జవహర్‌లాల్ నెహ్రూ ఎగరేసినదీ, మరుసటి ఏడాది జనవరి 26న పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ చేస్తూ దేశమంతటా జనం చుట్టూ చేరినదీ రాట్నం గుర్తున్న త్రివర్ణ పతాకమే.

కానీ ఈ జెండా అర్థంలోనే ఒక చిక్కు దాగి ఉంది. రంగులు మతాలకు గుర్తులని చెప్పిన మరుక్షణం, నా రంగు ఏదని అడిగే హక్కు ప్రతి మతానికీ వస్తుంది. సిక్కులు తమ రంగును చేర్చాలని కోరారు. తెలుపులో వారూ ఉన్నారన్న సమాధానం వారికి తృప్తినివ్వలేదు, ఇవ్వాలని ఆశించడం కూడా న్యాయం కాదు. తనకంటూ ప్రత్యేక చరిత్ర, ప్రత్యేక త్యాగం ఉన్న సమాజాన్ని ఇతరులు అనే గుంపులో కలిపితే ఎవరు ఒప్పుకుంటారు? ఎవరినీ వదలకూడదనే సదుద్దేశంతో చేర్చిన తెలుపే కొందరికి తాము పక్కన నిలబడ్డామన్న భావాన్ని కలిగించింది. నాలుగో రంగు, ఐదో రంగు చేరుస్తూ పోవడం దీనికి పరిష్కారం కాదు. అర్థాన్నే మార్చాలి.

1931 ఏప్రిల్ 2న కరాచీలో కాంగ్రెస్ కార్యవర్గం ఏడుగురు సభ్యులతో పతాక సంఘాన్ని నియమించింది. పటేల్, నెహ్రూ, మౌలానా ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాకా కాలేల్కర్, హర్డీకర్, సమావేశకర్తగా డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య. పట్టాభిగారు మచిలీపట్నం వారే, కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావుగార్లతో కలిసి వెంకయ్యగారి జాతీయ కళాశాలను స్థాపించినవారే. జెండా గీసిన చేయి, దాన్ని మార్చాలని సిఫారసు చేసిన చేయి ఒకే ఊరివి కావడం తెలుగువాళ్లం గుర్తుంచుకోదగ్గ విషయం, కాని వెంకయ్యగారి పేరు చెప్పేవారిలో పట్టాభిగారి పేరు తలచేవారు అరుదు. ఆ సంఘం చాలా సాహసమైన సిఫారసు చేసింది. జెండా మొత్తం కేసరి రంగులోనే ఉండాలని, పై మూలలో ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగులో రాట్నం ఉండాలని చెప్పింది. మతాల లెక్క పోవాలంటే ఒకే రంగు ఉండడం మంచిదన్న తర్కం అర్థమవుతుంది. కానీ జనం పదేళ్లుగా భుజాన మోసి, దెబ్బలు తిని, జైలుకెళ్లిన త్రివర్ణాన్ని ఒక నివేదికతో తీసివేయడం సాధ్యం కాదు.

ఆగస్టులో బొంబాయిలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఆ సిఫారసును పక్కన పెట్టి మూడు రంగులనే నిలుపుకుంది, అయితే బెజవాడ జెండాను నిలుపుకోలేదు. ఎరుపు కేసరిగా మారి పైకి వెళ్లింది, తెలుపు మధ్యకు వచ్చింది, ఆకుపచ్చ కిందికి దిగింది, రాట్నం మూడు పట్టీల మీద నుంచి తెల్లని పట్టీలోకి చేరి నీలం రంగు తొడుక్కుంది. పొడవు వెడల్పులు మూడుకు రెండు. అన్నిటికంటే ముఖ్యంగా, రంగులకు మతపరమైన అర్థం లేదని తీర్మానం స్పష్టంగా చెప్పింది. కేసరి ధైర్యానికీ త్యాగానికీ, తెలుపు సత్యానికీ శాంతికీ, ఆకుపచ్చ విశ్వాసానికీ శౌర్యానికీ, రాట్నం ప్రజాకోటి ఆశకూ గుర్తులు. కాంగ్రెస్ లాంఛనంగా స్వీకరించిన తొలి జెండా ఇది. రూపకల్పన పరంగా ఇది బెజవాడ జెండా కంటే మెరుగైనదని ఒప్పుకోవాలి. లేత రంగు రెండు ముదురు రంగుల మధ్య చేరడంతో మూడూ విడివిడిగా కనిపిస్తాయి, గుర్తు తెలుపు మీద స్పష్టంగా నిలుస్తుంది. బలవంతుడు అడుగున ఉండి మోయాలన్న ఆ పాత ఆలోచన మాత్రం అమరికతో పాటే వెళ్లిపోయింది, దానికి నేను ఇప్పటికీ బాధపడతాను.

1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ జెండా తీర్మానాన్ని ప్రవేశపెట్టినప్పుడు రాట్నం స్థానంలో సారనాథ్ అశోక స్తంభపు చక్రం వచ్చింది. అందుకు ఆయన చెప్పిన కారణాలలో ఒకటి పూర్తిగా రూపకల్పనకు సంబంధించినది. రాట్నంలో ఒక వైపు చక్రం, ఒక వైపు కదురు ఉంటాయి కనుక జెండా రెండో వైపు బొమ్మ తిరగబడుతుంది. జెండా అన్నది రెండు వైపులా ఒకేలా కనిపించాలి. కాబట్టి రాట్నంలోని ముఖ్య భాగమైన చక్రాన్ని ఉంచి, తక్కిన వాటిని వదిలారు. వాదన సరైనదే. కానీ రాట్నం గాంధీజీకి ఆకారం మాత్రమే కాదు. రాట్నం లేని జెండాకు తాను వందనం చేయనని ఆయన ఆ ఆగస్టులో అన్న మాటలోని నొప్పి, 1921 నాటి వ్యాసం చదివినవారికే పూర్తిగా అర్థమవుతుంది. భారతజాతి బతికినా చచ్చినా రాట్నం కోసమేనని అందులో ఆయన రాశారు.

కాబట్టి నేటి జెండాను వెంకయ్యగారు గీశారని ఒక్క వాక్యంలో చెప్పడం కంటే, నేటి జెండాకు తాత వంటి జెండాను ఆయన గీశారని చెప్పడం నిజానికి దగ్గర. రాట్నం హంసరాజ్‌గారి సూచన, రంగులు గాంధీజీవి, 1931 అమరిక కాంగ్రెస్ కమిటీది, చక్రం రాజ్యాంగ సభది. వెంకయ్యగారిది వీటన్నిటికీ ముందున్న పని. జెండా కావాలని చాలామంది అనుకోని రోజుల్లో, సభ తరువాత సభలో, నమూనా తరువాత నమూనాతో, ఈ దేశానికి తనదైన జెండా ఉండాలని విసుగు లేకుండా అడిగింది ఆయన. గీసినవాటిని గాంధీజీ వద్దన్నా చిన్నబుచ్చుకోక, అడిగిన రోజున మూడు గంటల్లో సిద్ధం చేసిందీ ఆయనే. 1963 జూలై 4న ఆయన మరణించారు. ఆయన పేరిట తపాలా బిళ్ల రావడానికి 2009 దాకా పట్టింది.

బెజవాడ జెండా నుంచి మారకుండా మిగిలినది ఏదని వెతికితే, సమాన వెడల్పు గల మూడు పట్టీలు, ఆకుపచ్చా తెలుపూ, వీటితో పాటు ఖద్దరు కనిపిస్తాయి. కర్ణాటకలోని హుబ్బళ్లి దగ్గర బెంగేరిలో ఖాదీ సంఘం వారు అద్ది, కుట్టే జెండాలు ప్రభుత్వ భవనాల మీద ఎగురుతూ వచ్చాయి. పతాక నియమావళి కూడా చేతితో వడికి చేతితో నేసిన బట్టనే కోరేది. 2021 డిసెంబరు 30న చేసిన సవరణతో యంత్రాల మీద తయారైన జెండాలకూ, పాలిస్టర్ జెండాలకూ అనుమతి వచ్చింది. జెండాలు ఎక్కువ ఇళ్ల మీద ఎగరాలన్న ఉద్దేశాన్ని నేను కాదనను. అయినా 1921 నాటి షరతుల్లో రంగుల అమరికా, రాట్నమూ మారిపోయాక చివరిదాకా మిగిలినవాటిలో ఆ ముతక బట్ట ఒకటి. కనీసం ప్రభుత్వ భవనాల మీద, శాసనసభల మీద, పాఠశాలల మీద ఎగిరే జెండాకైనా చేతితో వడికిన ఖద్దరునే నియమంగా తిరిగి పెట్టాలని నేను కోరుతున్నాను.